మార్లీన్ దాచిన చెక్కముక్క

అంత దూరాన కూర్చున్నారేం, ఇటు హీటర్ దగ్గరికి జరగండి. కాఫీ చల్లారకముందే తాగండి. ఈవేళ నేను చెప్పబోయేది నవ్వుకుంటూ చెప్పే సంగతి కాదు. కొంచెం కోపంతోనే చెబుతాను. మధ్యలో లేచి వెళితే నా కోపం ఎవరి మీదో మీకు సరిగా తెలియదు, అందుకని చివరిదాకా వినండి.

నా కుట్టుమిషను పక్కన ఇస్త్రీ బల్ల ఉంది కదా, దాని మీద ఒక చెక్కముక్క ఉంటుంది. వేలెడు మందం, కోడిగుడ్డును నిలువునా కోసి కొంచెం సాగదీసినట్టు ఉంటుంది. కొత్తవాళ్ళు చూసి ఏదో ఆటవస్తువులోంచి ఊడిన ముక్క అనుకుంటారు. అది వాల్‌నట్ చెక్క. ఇస్త్రీ పెట్టె వేడి తగిలినప్పుడల్లా దాంట్లోంచి పాత అవిసె నూనె వాసన లేస్తుంది. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు మార్లీన్ గరాజ్ కనిపిస్తుంది, రంపం పట్టుకున్న ఆమె చేతులు కనిపిస్తాయి. ఆమె పోయి ఏడాది దాటింది. పోయిన శనివారం రాత్రి నోవై ఊళ్ళో ఒక పుట్టినరోజు పార్టీ నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా ఆ ముక్కను చేతిలోకి తీసుకుని కూర్చున్నాను. మా ఆయన వచ్చి "కేకు కూడా తినకుండా వచ్చేశావేం?" అని అడిగితే పొద్దున చెబుతానని పంపేశాను.

ఎందుకు తినలేదో మీకు చెబుతాను. ఆ పార్టీలో కిరణ్ అని ఒక కుర్రాడు ఫోను తీసి అందరికీ ఒక వీడియో చూపించాడు. కుర్రాడు అంటున్నాను గానీ ఇద్దరు పిల్లల తండ్రి. వీడియోలో వాళ్ళ పెద్దపిల్ల అన్విక ఉంది. ఆ పిల్ల చేతిలో తన ఒళ్ళంత తుపాకీ. ఢామ్మని చప్పుడు, తుపాకీ వెనక్కి తన్నింది, పిల్ల రెండడుగులు వెనక్కి తూలి కంకర మీద కూలబడింది. వెనకనుంచి మగవాళ్ళ నవ్వు. ఫోను చుట్టూ మూగినవాళ్ళు కూడా "మళ్ళీ పెట్టు, మళ్ళీ పెట్టు" అంటూ నవ్వారు. ఆ పిల్ల అక్కడే పార్టీలో పిజ్జా డబ్బాల దగ్గర నిలబడి తనూ నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. అది నేను ఇంతకుముందు మా ఇంట్లో, మా పిల్ల మొహం మీద చూశాను. అదే పార్టీలో ఇంకొకటి కూడా జరిగింది. అది చివర చెబుతాను. ముందు మార్లీన్ ఎవరో మీకు తెలియాలి.

మేము అమెరికా వచ్చి కొంతకాలం నోవైలో ఉన్నాక, అక్కడి అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, పడమటివైపు అరగంట డ్రైవ్ దూరంలో ఇల్లు కొనుక్కున్నాం. మా ఆయన కార్ల కంపెనీకి అచ్చులు డిజైన్ చేసే పనిలో ఉన్నారు. నేను ఏడో తరగతితో ఆపేసి తెనాలిలో కుట్టుపని నేర్చుకున్నదాన్ని. ఇక్కడికొచ్చాక ఇంటి బేస్‌మెంట్‌లో మన ఆడవాళ్ళకు జాకెట్లు కుడుతుంటాను. రోడ్డుకు అవతలి ఇల్లు మార్లీన్‌ది. బడిలో ఆడపిల్లలకు ఆటలు నేర్పే టీచరుగా పనిచేసి రిటైరైంది. వేటకు వెళ్ళాలనుకునే పిల్లలకు తుపాకీ జాగ్రత్తల క్లాసులు కూడా ఆమే చెప్పేది. పొడుగు మనిషి, పెద్ద చేతులు, నవ్వితే ఒకవైపే నవ్వేది. భర్త లేడు, పిల్లలు లేరు. ఊళ్ళో సగం మంది మాత్రం ఆమెను చూడగానే నడుము నిటారుగా పెట్టి నిలబడేవాళ్ళు.

మొదటిసారి ఆమె మా ఇంటికి వచ్చింది ఒక వేట కోటు పట్టుకుని, తనకు సరిచేసి ఇమ్మని. చేతులు పొడుగు, భుజాలు వెడల్పు, అంతా మగవాడి కొలత. నా ఇంగ్లీషు అప్పటికి బజారుకు మాత్రమే సరిపోయేది. మా అమ్మాయి నిత్య మధ్యలో నిలబడి అటుమాట ఇటు, ఇటుమాట అటు చేరవేసింది. ఆ తర్వాత ఏళ్ళలో నిత్య అవసరం లేకుండానే మాట్లాడుకున్నాం. అయినా మార్లీన్ మాటలన్నీ నాకు తెలుగులోనే గుర్తున్నాయి. అందుకని అలాగే చెబుతాను.

టేపు వేసి చూస్తే ఆమె కుడిభుజం ఎడమదానికంటే కిందికి ఉంది.

"నీకు రెండు భుజాలూ ఒక ఎత్తులో లేవు" అన్నాను.

"డాక్టరు తప్ప ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు" అంది. "చిన్నప్పుడు మా నాన్న తన తుపాకీ నా చేతికిచ్చాడు. అది తంతే భుజం దగ్గరి ఎముక చిట్లింది. ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర మా అన్నలు నేను పడిన తీరును యాక్షన్ చేసి చూపించుకుంటూ నవ్వారు."

"నువ్వు?"

"నేనూ నవ్వాను. ఎడమచేత్తో తిన్నాను."

నేను టేపుతో ఆమె చేతిని కొలిచాను. ఆమె నా చేతిలోంచి టేపు తీసుకుని నిత్యను దగ్గరికి పిలిచింది. మోచెయ్యి వంచమని, ఆ మడత దగ్గరనుంచి చూపుడువేలి మొదటి కణుపు వరకు కొలిచింది. "తుపాకీ మడమ, అంటే భుజానికి ఆనించే వెనక చెక్క, ఇంతే పొడుగుండాలి ఈ పిల్లకు. మీరు జాకెట్టుకు కొలత తీస్తారు, నేను దీనికి తీస్తాను" అంది. అప్పటికి నాకు ఆ మాట వింతగా అనిపించింది. తుపాకీకి కొలతేమిటి, అదేమన్నా గుడ్డా అనుకున్నాను.

నిత్యకు, మార్లీన్‌కు అలా జత కుదిరింది. ఆ పిల్ల అప్పుడు మిడిల్ స్కూల్‌లో ఉంది. నాలాగే సన్నటి ఎముక, పొట్టి మనిషి. మా ఊరి బడిలో నవంబరులో జింకల వేట మొదలయ్యే రోజు సెలవు ఇస్తారు. ఇవ్వకపోయినా సగం క్లాసు రాదు. ఆ మర్నాడు పిల్లలంతా ఎవరేం చూశారో చెప్పుకుంటుంటే మా పిల్ల వింటూ కూర్చునేది. వేసవంతా మార్లీన్ వెంట చెట్లలో తిరిగింది. ఏ అడుగు గుర్తు జింకది, ఏది కుందేలుది, గాలి ఎటు వీస్తే ఎటు కూర్చోవాలి, ఇవన్నీ నేర్చుకుంది. నవంబరులో ఉత్తరాన మార్లీన్ అన్నకున్న అడవికి తనతో తీసుకువెళతానని మార్లీన్ మాటిచ్చింది. మేము మాంసం తినే ఇంటివాళ్ళం. ప్యాకెట్‌లో కొనుక్కుని తినడం తప్పు కాదు, చూసి తెచ్చుకోవడం తప్పా అని నేనూ ఒప్పుకున్నాను. పిల్ల రోజూ ఆ నవంబరు మాటే.

ఇక్కడ శ్రీధర్ సంగతి చెప్పాలి. మా ఆయన ఆఫీస్‌లోవాడు, కరీంనగర్ మనిషి, నన్ను వదినా అంటాడు. సిటిజన్‌షిప్ రాగానే కొందరు పడవ కొంటారు, కొందరు వాళ్ళమ్మకు వీసా పెడతారు. శ్రీధర్ తుపాకులు కొన్నాడు. శనివారాలు నలుగురైదుగురు కలిసి రేంజ్‌కి, అంటే తుపాకులు కాల్చుకునే మైదానానికి, వెళ్ళేవాళ్ళు. వాళ్ళలో ఒక ఆచారం ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళ చేతికి ముందుగా అన్నిటికంటే పెద్ద తుపాకీ ఇవ్వాలి. ముందే చెప్పకూడదు. తన్నినప్పుడు వీడియో తియ్యాలి, సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. కొత్తగా వచ్చిన ఇంజనీరుకు చేశారు, ఇండియా నుంచి చూడ్డానికి వచ్చిన బావమరిదికి చేశారు. అక్టోబరులో ఒక శనివారం మా ఆయన నిత్యను కూడా తీసుకెళ్ళారు, వేటకు ముందు కాస్త అలవాటవుతుందని.

నేను బేస్‌మెంట్‌లో జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. ఫోను టింగుమంది. తీసి చూశాను. నా కూతురు. పడమటి కొండల్లో ఉండే ఎల్క్ అనే పెద్ద జింకల కోసం చేసిన తుపాకీ, దాని మీద దుర్భిణి. తుపాకీ తన్నినప్పుడు ఆ దుర్భిణి అంచు వచ్చి పిల్ల కనుబొమ్మల మధ్య కొట్టింది. అర్ధచంద్రంలా తెగి, ముక్కు మీదుగా రక్తం కారుతోంది. దాని కింద శ్రీధర్ రాసిన మాట: వదినా, నీ బిడ్డకు అమెరికా బొట్టు పెట్టినం. ఆ మాట కింద పదిమంది నవ్వే బొమ్మలు పెట్టారు.

ఆ రోజు నా చేతిలో సూది ఉంది కాబట్టి సరిపోయింది. కత్తెర ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు.

ఆసుపత్రిలో కుట్లు వేయించుకుని వచ్చారు. మా ఆయన గుమ్మంలోనే "పోనీలే, కంటికేం కాలేదుగా" అన్నారు.

"ఏం కాలేదా? చొక్కా జరిపి చూడండి, భుజమంతా వంకాయ రంగు తేలింది. మీరక్కడ నిలబడి ఏం చేస్తున్నారు?"

"శ్రీధర్ ఊరికే సరదాకి..."

"అతని సరదాకి నా పిల్ల మొహమే దొరికిందా?"

నిత్య మధ్యలో వచ్చింది. "అమ్మా, ఐయామ్ ఓకే. అందరూ నవ్వారు, సో నేను కూడా నవ్వాను" అంది.

మీరే చెప్పండి. దెబ్బ తగిలిన పిల్ల ముందు అందరి మొహాలూ చూసుకుని, ఏడవాలా నవ్వాలా అని వాళ్ళనుంచి నేర్చుకోవాలా? పెద్దవాళ్ళు ఆ పిల్లకు నేర్పింది అదేనా? నాకు ఈనాటికీ ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

సాయంత్రం మార్లీన్ వచ్చింది. ఆమె కోపం నాలా పైకి పొంగే రకం కాదు. కుర్చీ లాక్కుని కూర్చుంది, నేనిచ్చిన టీ పూర్తిగా తాగింది, కప్పు పక్కన పెట్టింది, అప్పుడు అడిగింది. ఎవరి తుపాకీ, ఏ తూటా, చెవులకు ఏం పెట్టారు, కూర్చుని కాల్చావా నిలబడా. నిత్య చెప్పింది. చెవుల్లో రెండు చిన్న స్పాంజి ముక్కలు, బల్ల మీదికి వంగి కూర్చుని. మార్లీన్ విన్నది. బల్ల మీద ఉన్న నా బట్టల కేటలాగు తీసి, ఏమీ చెప్పకుండా నేల మీదికి దబ్బున వదిలింది. నిత్య కళ్ళు గట్టిగా మూసుకుంది, కుడిభుజం ముందుకు గుంజుకుంది.

"చూశావా" అంది మార్లీన్ నాతో. "ఇది పిరికితనం కాదు. ఒళ్ళు పాఠం నేర్చుకుంది. ఒళ్ళు ఒకసారి వింటే చాలు, మరచిపోదు."

"నవంబరు?" అంది నిత్య.

"కళ్ళు మూసుకుని కాల్చే మనిషిని నేను అడవికి తీసుకెళ్ళను. తూటా ఎక్కడో తగులుతుంది. ఆ జంతువు గాయంతో పరుగెత్తి, మనకు దొరకకుండా ఏ పొదలోనో పడి చస్తుంది. నువ్వు నవంబరుకు సిద్ధమైతే తీసుకెళతాను. కాకపోతే వచ్చే ఏడాది. సరేనా?"

పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దెబ్బకు ఏడవని పిల్ల ఆ మాటకు ఏడ్చింది. అప్పుడు మార్లీన్ ఎంత మెత్తగా అందో: "ఏడువు. ఇక్కడ నవ్వేవాళ్ళు లేరు."

మర్నాడు మమ్మల్ని తన గరాజ్‌కి రమ్మంది. పాత తుపాకీ ఒకటి బల్ల మీద బిగించి ఉంది. జింకకు చాలినంత బలం, అంతకు మించి లేనిది. వాళ్ళమ్మదట. మడమ నున్నటి వాల్‌నట్, నూనె పట్టించి పట్టించి నల్లద్రాక్ష రంగు తేలింది. మార్లీన్ రంపం తీసి ఆ మడమ మీద పెట్టింది.

"మీ అమ్మ తుపాకీ కదా, కోస్తావా?" అన్నాను.

"మా అమ్మ పొడుగు. నిత్య పొట్టి. అమ్మకు కోపం రాదు." కోసింది. ఒక ముక్క, మళ్ళీ కొలిచి ఇంకో ముక్క. పొడవాటి తుపాకీని పొట్టి చేతులతో పట్టుకుంటే మనిషి వెనక్కి వాలి, మెడ చాపి, భుజం అంచుమీద ఆనించుకుంటాడు, అప్పుడే అది ఎముకను వెతుక్కుంటుంది అని చెప్పింది. సరిపడా ఉంటే భుజంలోని మెత్తటి గుంటలో కూర్చుంటుంది, దుర్భిణికి కంటికి మధ్య కూడా చోటు ఉంటుంది. కోసిన రెండు ముక్కలనూ నూనెగుడ్డతో తుడిచి, పొడవాటి మరమేకులు రెండు పక్కన పెట్టి దాచింది.

"ముక్కలెందుకు?"

"పిల్ల పెరుగుతుంది కదా. ఒక్కొక్కటీ మళ్ళీ బిగించాలి."

నాకు నవ్వొచ్చింది. ఆ రోజుల్లో నాకు నవ్వొచ్చిన ఒక్క క్షణం అదే. మా ఊళ్ళో ఆడపిల్లకు పరికిణీ కుడితే అంచు దగ్గర లోపలికి మడతలు వేసి కుడతాం. పిల్ల పొడుగైన కొద్దీ ఏడాదికొక మడత విప్పుతాం. గుడ్డను కత్తిరించి పారేసే కుట్టుమనిషికి మళ్ళీ ఎవరూ పని ఇవ్వరు. అది నిత్యచేత ఇంగ్లీషులో చెప్పిస్తే మార్లీన్ బల్ల మీద చెయ్యి వేసి, "అయితే నువ్వూ నేనూ ఒకే పని చేస్తున్నాం, సుగుణా" అంది. నా పేరు ఆమె నోట సుగూనా అని వినపడేది.

ఆ తర్వాత ఆమె ఒక్కొక్కటీ పెట్టుకుంటూ వచ్చింది. మడమ చివర మెత్తటి రబ్బరు దిమ్మ. తుపాకీ మరీ తేలిగ్గా ఉంటే ఎక్కువ తంతుందని మడమ లోపలి బొక్కలో సీసం గుళ్ళు పోసి బరువు పెంచింది. మందు తగ్గించిన తూటాలు తెచ్చింది. నన్ను ఒక చొక్కా కుట్టమంది. నేను మా అత్తగారు పంపిన పాత బొంతలోంచి ముక్క తీసి, పొరలు పొరలుగా కుట్టి, చొక్కా లోపలివైపు భుజం దగ్గర అతికించాను. మొదటిది మరీ మందం చేశాను. మార్లీన్ చూసి, "ఇంత మందమైతే నేను కోసిందంతా నువ్వు మళ్ళీ కలిపేసినట్టే" అంది. సగం విప్పాను. చెవులకు లోపల స్పాంజి ముక్కలు, వాటి మీద పెద్ద డిప్పలు. "తన్ను సగం చెవిలో ఉంటుంది" అనేది. తన్ను తగ్గించడానికని తుపాకీ గొట్టం చివర చిల్లులున్న ఇంకో చిన్న గొట్టం బిగించుకుంటారట కొందరు. ఆమె వద్దంది. అది భుజానికి మేలు చేసి చెవిని చంపుతుంది అంది.

రేంజ్‌లో నిలబెట్టి కాల్పించేది, బల్ల మీదికి వంగనిచ్చేది కాదు. వంగి కూర్చుంటే ఒళ్ళు వెనక్కి ఊగడానికి దారి ఉండదు, దెబ్బంతా భుజమే తినాలి. తనే తూటా పెట్టి ఇచ్చేది. కొన్నిసార్లు మందు లేని ఉత్త తూటా పెట్టేది, నిత్యకు చెప్పేది కాదు. ట్రిగ్గర్ నొక్కితే క్లిక్కుమని చప్పుడు మాత్రమే. పేలకపోయినా తుపాకీ కొస కిందికి దిగిపోయేది. అది చూసి నిత్య సిగ్గుపడేది. మార్లీన్ మాత్రం వాతావరణం సంగతి చెప్పినట్టు, "ఇంకా దెబ్బకోసం ఎదురుచూస్తోంది ఒళ్ళు. పర్లేదు, చెబుదాం" అనేది. పిల్ల ఇంకొకటి కాలుస్తాననగానే డబ్బా మూసేది. విసుగొచ్చేదాకా, నొప్పొచ్చేదాకా ఎప్పుడూ ఉంచలేదు. నేను అక్కడే మడతకుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చునేదాన్ని.

ఒక ఆదివారం మా ఆయన వెంట శ్రీధర్ వచ్చాడు. ఆ మెత్తటి చొక్కా, రబ్బరు దిమ్మ, పొట్టి మడమ చూసి నవ్వాడు.

"ఏంది వదినా, గిదేమన్నా పెండ్లికూతురా? దిండ్లు, పరుపులు పెట్టి ముస్తాబు చేసిన్రు."

"నువ్వు పెట్టిన బొట్టు మాననీ, తర్వాత నవ్వుదువు" అన్నాను.

"అరె, తన్నులు తింటేనే గదా నేర్చుకుంటరు."

మార్లీన్‌కు తెలుగు రాదు, కానీ ఆ నవ్వు ఏ భాషలోనైనా ఆమెకు తెలుసు. అతని పెద్ద తుపాకీ వైపు చెయ్యి చూపించి, "నువ్వు కాల్చు, చూస్తాను. తూటా నేను పెడతాను" అంది. శ్రీధర్ సంతోషంగా భుజానికెత్తాడు. మేమంతా చెవులు మూసుకున్నాం. అతను నొక్కాడు. క్లిక్. చప్పుడు లేదు, నిప్పు లేదు. కానీ తుపాకీ కొస నేలవైపు గుచ్చుకున్నట్టు దిగింది, శ్రీధర్ మొహం మొత్తం ముడుచుకుపోయింది, భుజం ముందుకు వచ్చేసింది. అంత పెద్దమనిషి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

మా ఆయన జేబులోంచి ఫోను తీశారు. మళ్ళీ చేయమని అడగబోతున్నారు. మార్లీన్ అరచేయి ఆ ఫోను మీద పెట్టి కిందికి దించింది. కోపంగా చూసింది, నిజంగానే. అప్పుడు శ్రీధర్ వైపు తిరిగి అడిగింది: "నీ చేతికి మొదటి తుపాకీ ఎవరిచ్చారు?"

అతను తుపాకీ బల్ల మీద పెట్టాడు. ఆమెకు ఇంగ్లీషులో చెప్పి, మాకు తెలుగులో మళ్ళీ చెప్పాడు. "డిగ్రీల ఎన్‌సీసీ క్యాంపు. పాత త్రీ నాట్ త్రీ రైఫిల్. గట్టిగ పట్టుకోవాల్నని గూడ ఎవలు చెప్పలే. తన్నితే భుజం మీది నుంచి చెయ్యి కింద దాకా గుంజింది. హవల్దారు నవ్విండు, పోరగాండ్లు నవ్విన్రు. రాత్రి బువ్వ తినే చెయ్యి లేవలే. నేను గూడ నవ్విన, వదినా. గట్లనే నేర్పిన్రు మాకు."

"నాకూ అలాగే నేర్పారు" అంది మార్లీన్. "నేను దాన్ని నా దగ్గర ఆపాను."

అంతే. తన వస్తువులు సర్దుకోవడం మొదలుపెట్టింది. మీరు నన్ను అడుగుతారు, శ్రీధర్ మీద నీకు జాలి కలగలేదా అని. అప్పుడు కలగలేదు. నొప్పి ఎలా ఉంటుందో తెలిసి కూడా పిల్లచేతికి ఇచ్చాడు కదా అని ఇంకా మండింది. తెలియనివాడు చేస్తే ఒక తీరు. తెలిసినవాడు ఎలా చేస్తాడు? మా ఆయన ఆ రాత్రి ఫోనులోంచి నిత్య వీడియో తీసేశారు. గ్రూపులోంచి ఎవరూ తియ్యలేదు.

నవంబరు వచ్చింది. ఉత్తరాన మార్లీన్ అన్న అడవిలో చెక్కతో చేసిన చిన్న గది, కిటికీలా ఒక సందు. మార్లీన్ నన్నూ రమ్మంది, తల్లి చూడాలి అంది. తెల్లారకముందే వెళ్ళి కూర్చున్నాం. బయట మంచు, లోపల మా ముగ్గురి ఊపిరి పొగ. చాలాసేపటికి చెట్ల సందులోంచి ఒక ఆడజింక వచ్చింది. మెడ వంచి మేస్తోంది. నిత్య తుపాకీ ఎత్తింది. మడమ భుజంలోకి చక్కగా కూర్చుంది, నేను కుట్టిన చోట. వేలు ట్రిగ్గర్ దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది. తర్వాత నిత్య మెల్లగా వేలు తీసి, తుపాకీ కిందికి దించింది.

"నా కళ్ళు మూసుకుంటున్నాయి" అని గుసగుసగా అంది. "ఐ కుడ్ ఫీల్ ఇట్. ఇప్పుడు వద్దు."

జింక తల ఎత్తి చూసి, తీరిగ్గా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నిత్య బిగుసుకుపోయి కూర్చుంది, ఎవరైనా ఏమన్నా అంటారేమోనని. మార్లీన్ ఫ్లాస్కు మూత విప్పి, వేడి కోకో ముందు ఆ పిల్లకే పోసింది. "ఇన్నేళ్ళలో నా పక్కన కూర్చున్న ఏ మగవాడూ నాకు ఈ మాట చెప్పలేదు" అంది. కళ్ళు తుడుచుకుంది. చలికి అంది.

ఆ వారం తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ విందులో శ్రీధర్ గుంపువాళ్ళు "ఏం కొట్టినవ్ బిడ్డా?" అని అడిగారు. నిత్య తల ఎత్తి "ఏం లేదు" అంది. ఒకడు నవ్వబోయాడు. ఆ పిల్ల తిరిగి నవ్వలేదు. అలాగే చూస్తూ నిలబడింది. వాడి నవ్వు సగంలో ఆగిపోయింది. నాకు అది చాలు. మరుసటి ఏడాది అదే గదిలోంచి నిత్య కళ్ళు తెరిచి కాల్చింది. జింక ఉన్నచోటే కూలింది, గింజుకోలేదు. ఆ మాంసం నేను అల్లం, మిరియాలు దట్టించి వండాను. మార్లీన్ చెమట తుడుచుకుంటూ రెండుసార్లు వడ్డించుకుని తింది.

నిత్య కాస్త పొడుగైనప్పుడు మార్లీన్ ఒక ముక్క మళ్ళీ మడమకు బిగించింది. రెండోదాని అవసరం రాలేదు, మా పిల్ల నా పొట్టితనమే పుచ్చుకుంది. ఆ తుపాకీని, ఆ మిగిలిన ముక్కను మార్లీన్ జబ్బుపడ్డాక మాకిచ్చేసింది. తుపాకీ నిత్య పేర మా ఇంట్లో తాళంవేసిన ఇనపబీరువాలో ఉంది. ముక్కను నా చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గర ఉంచు. ఇంకో పిల్ల వస్తుంది" అంది.

ఇప్పుడు శనివారం సంగతి. కిరణ్ ఫోను చేతులు మారుతోంది, అందరూ నవ్వుతున్నారు. నేను లేచాను. ఏమన్నా అందునో, ఫోను లాక్కుందునో, నాకే తెలియదు. నాకంటే ముందు శ్రీధర్ లేచాడు. ఇప్పుడు జుట్టు నెరిసింది, మోకాలు నొప్పి. ఫోను దగ్గరికి వెళ్ళి అరచేయి దాని మీద పెట్టి కిందికి దించాడు. అచ్చం మార్లీన్ దించినట్టు.

"కిరణ్, నీకు మొదటి తుపాకీ ఎవలిచ్చిన్రు?" అన్నాడు.

"మీరే కదా అన్నా" అన్నాడు కిరణ్, నవ్వుతూనే. "నాలుగేళ్ళ కింద. గ్రూప్‌లో వీడియో కూడా ఉంది."

శ్రీధర్ మొహం ఎలా అయిందో నేను చూశాను. ఏళ్ళ తరబడి దాచుకున్న నా కోపం ఆ మొహం మీద పడటానికి ఇక చోటు కనపడలేదు. ఆ పిల్ల ఇంకా పిజ్జా డబ్బాల దగ్గరే నిలబడి ఉంది. శ్రీధర్ ఆ పిల్ల భుజం వైపు చూశాడు. నా వైపు తిరిగి, "వదినా, ఆ టేపు ఉన్నదా?" అన్నాడు.

నా సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. అన్వికను పక్కగదిలోకి తీసుకెళ్ళాను. చొక్కా భుజం జరిపి చూస్తే అదే వంకాయ రంగు. "నొప్పిగా ఉందా అమ్మా?" అంటే "ఐయామ్ ఫైన్, ఆంటీ" అని నవ్వింది. "ఇక్కడ నవ్వేవాళ్ళెవరూ లేరు, ఏడవచ్చు" అన్నాను. ఏడ్చింది. కాసేపయ్యాక మోచెయ్యి వంచమని, మడతనుంచి చూపుడువేలి కణుపు దాకా కొలిచాను. కేకు సంగతి ఇద్దరం మరిచిపోయాం.

ఇంటికొచ్చి, ఇప్పుడు వేరే ఊళ్ళో ఉంటున్న నిత్యకు ఫోన్ చేశాను. "అమ్మా, ముక్క మళ్ళీ తీసేయ్, నేను వచ్చినప్పుడు చొక్కా సైజు చూద్దాం" అంది. అందుకని నిన్న మరమేకులు విప్పి, మార్లీన్ బిగించిన ముక్కను తీశాను. ఇప్పుడు ఇస్త్రీ బల్ల మీద రెండు ముక్కలున్నాయి. అన్విక పొడుగవుతుంది, ఒక్కొక్కటీ మళ్ళీ బిగిస్తాను. ఆ పిల్లకు వేటకు వెళ్ళాలని లేకపోతే అదీ మంచిదే, తుపాకీ బీరువాలోనే ఉంటుంది. భుజం మటుకు మానాలి కదా. మందమెంతో ఈసారి నాకు తెలుసు కాబట్టి చొక్కా సగం విప్పే పని ఉండదు.

కాఫీ అయిపోయినట్టుంది, వెళ్ళి రండి. రోడ్డు మీద మంచు గడ్డకట్టింది, మెల్లగా డ్రైవ్ చేయండి. మీ ఇంట పిల్లలు చల్లగా ఉండాలి. దెబ్బ తగిలితే ఏడవడానికి మీ ఒళ్ళో వాళ్ళకు ఎప్పుడూ చోటుండాలి.